పువ్వు మధ్యలో బెజ్జం

తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 3.

వదినగారికి,

మీకూ అన్నయ్యగారికీ నమస్కారాలు. ఉత్తరం రాయమన్నారు కదా అని రాస్తున్నాను. ఫోనులో మీరు పది మాటలు అడిగితే నేను ఆఁ, ఊఁ అంటున్నానని మీకు కోపం. ఏం చెయ్యను, ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నాకు మాట రాదు. ఎదురుగా ఆయన కూర్చుని ఉంటే అసలే రాదు. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే దిద్దుకుని చదవండి. పార్సిలు ఎలాగూ ఏలూరు బస్సులో వేస్తున్నాం కాబట్టి అందులోనే పెడుతున్నాను.

పార్సిల్లో ఉన్నది పెట్టె. మీ తమ్ముడు చేసిన అలారానికి నేను చేసిన పెట్టె. చేపల చెరువులో నీళ్ళు చిమ్మే ఏరేటర్లు ఉంటాయట. కరెంటు పోతే అవి ఆగిపోతాయి, చేపలకి ఊపిరి అందదు. అలా ఆగినప్పుడు ఇంట్లో ఈ పెట్టె బ్యాటరీ మీద ఎర్రబల్బు వెలిగి బజరు మోగుతుంది. అంతే దాని పని. టీవీ రిపేరు షాపు నుంచి వచ్చాక సాయంత్రాలు కూర్చుని చేశారు.

మొదటిసారి దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో బిగించి కైకలూరు వైపు ఒక రైతుకి చూపించారట. ఆయన చూసి, "ఇదేంటయ్యా ఫణీ, ఆవకాయ డబ్బాకి వైర్లు పెట్టావు? దీన్ని నమ్ముకుని మేం పడుకోవాలా?" అన్నాడట. ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేశారు. ఏమని అడగలేకపోయాను. మర్నాడు ఆయన షాపుకి వెళ్ళాక ఆ బోర్డుకి కొలతలు తీసుకున్నాను.

మీకు తెలుసుగా, పెంటపాడులో మా నాన్నగారు పెళ్ళిళ్ళు చేయించేటప్పుడు బాసికాలు నేనే చేసేదాన్ని. అట్ట కోసి, జిగురు పూసి, పూసలు కుట్టి. అదే చెయ్యి. ఫర్నిచరు షాపులో పారేసిన ప్లైవుడ్ ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. ఉప్పుకాగితంతో రుద్ది, మూలలు గుండ్రం చేసి, లోపల బోర్డు కింద వేలెడు సందు వదిలి, వేడి పోవడానికి వెనక గీతలు కోశాను. పైన ముదురు ఎరుపు రంగు, దాని మీద వార్నిష్.

బెజ్జాలే కష్టం. స్విచ్చికి ఒకటి, బల్బుకి ఒకటి, వైరుకి ఒకటి. ఆ మూడూ పక్కలకి సర్దేశాను. నాలుగోది బజరు నోరు. కందిగింజంత ఉంటుంది, సరిగ్గా మూత మధ్యన వస్తుంది. ఎంత నున్నగా కోసినా కన్నం కన్నంలాగే కనబడుతోంది. దాని మీద జాలీ గుడ్డ వేస్తానంటే ఆయన, "అది మాత్రం ముట్టుకోకు. నోరు మూస్తే మోగదు" అన్నారు.

మీరు చూసి ఎలా ఉందో రాయండి.

మీ లక్ష్మి


ఏలూరు,
సెప్టెంబరు 12.

లక్ష్మీ,

నీ ఉత్తరం మీ అన్నయ్యగారు చదివి, "ఎవరిచేతో రాయించింది" అన్నారు. కాదండీ మహానుభావా, ఫోనులో ఊఁ కొట్టే నా మరదలే అన్నాను. ఇన్ని మాటలు కడుపులో పెట్టుకుని ఎలా తిరుగుతున్నావే? ఇకనుంచి ఫోను చెయ్యను. ఉత్తరాలే. తప్పులు రెండే ఉన్నాయి, ఏవో చెప్పను.

పెట్టె సంగతికొస్తాను. బల్ల మీద పెట్టాను. మా స్కూల్లో గీతాంజలి టీచరు కాఫీకి వచ్చి, "నగలపెట్టె ఎక్కడ కొన్నారండీ?" అని మూత తీయబోయింది. లోపల వైర్లు చూసి అదిరిపోయింది. ఇప్పుడు దెందులూరులో వాళ్ళ అత్తగారింటికి ఒకటి కావాలట. వాళ్ళకీ చెరువుంది.

ఇంకోటి విను. సూర్యనారాయణగారని, పెదపాడు అవతల కొల్లేటి అంచున చెరువులున్న ఆయన, మీ అన్నయ్యగారితో పనుండి ఇంటికొచ్చారు. పెట్టె చూసి, "ఇది మా ఇంట్లో ఉంటే మా ఆవిడ కాదనదండీ" అన్నారు. ఇదివరకు ఒక కంపెనీ అలారం కొంటే, ఆ నల్ల డబ్బా హాల్లో గోడ మీద దయ్యంలా ఉందని ఆవిడ పెరట్లో కొట్టించిందట. పెరట్లో మోగితే ఎవరికి వినపడుతుంది? చూశావా, అందం అంటే సోకు కాదు. అందంగా ఉంటేనే వస్తువు ఉండవలసిన చోట ఉంటుంది. ఈ ముక్క నీ మొగుడికి చదివి వినిపించు.

నాలుగో బెజ్జం మాత్రం నువ్వన్నట్టు వికారంగానే ఉంది. దానికి నా దగ్గర ఉపాయముంది. ముట్టుకోవద్దన్నాడు గాని చుట్టూ ఏమీ వెయ్యొద్దనలేదు కదా. పువ్వు వెయ్యి. ఎనిమిది రేకులు. అప్పుడది కన్నంలా ఉండదు, పువ్వుకి బొడ్డులా ఉంటుంది. లెక్కల టీచర్ని కదా, కంపాసుతో గీసి ఇందులో పెట్టాను. కార్బన్ కాగితం పెట్టి దిద్దుకో.

వదిన ప్రసూన


తాడేపల్లిగూడెం,
అక్టోబరు 14.

వదినగారికి,

ఆరు పెట్టెలు అయ్యాయి. మీ పువ్వు ఆరింటి మీదా వేశాను. రేకుల్ని పల్చని చెక్కలో కోసి అతికించాను, అందుకని కొంచెం ఎత్తుగా ఉంటాయి. చేత్తో తడిమితే తెలుస్తాయి. అంచుకి మా అమ్మ పాత చీర జరీ ఒక్క పోగు మందాన తిప్పాను. మీరన్నది నిజం. బెజ్జం ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఆయన అన్నిటినీ ఒక్కొక్కటే మోగించి చూశారు. ఆ మోతకి పక్కింటి పట్టాభిరామయ్యగారు చెప్పులు కూడా లేకుండా వచ్చి, "ఏవండీ, సిలిండరు గానీ లీకయిందా?" అన్నారు. మీ తమ్ముడు నవ్వారు. తర్వాత పెట్టెని చేతిలో అటూ ఇటూ తిప్పి, "దీనికి నా బోర్డు చాలదే. లోపల ఇంకా శుభ్రంగా చేసి ఉండాల్సింది" అన్నారు. పెళ్ళయిన మూడేళ్ళలో నా పని గురించి ఆయన అన్న మొదటి మాట ఇది. నేను లోపలికి వెళ్ళిపోయాను.

ఆయుధపూజ నాడు ఆయన స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ ఐరన్ పక్కన ఈ ఆరూ పెట్టి పూజ చేసుకున్నాం. దసరా వెళ్ళాక పట్టుకెళ్ళి అందరికీ బిగించి వచ్చారు. ఒకటి సూర్యనారాయణగారికి, ఒకటి దెందులూరుకి, రెండు కైకలూరు వైపు, రెండు మా పెంటపాడు రోడ్డులో. సూర్యనారాయణగారి భార్య సుందరమ్మగారు నాకు రెండు కొబ్బరికాయలు పంపించారు. ఆవిడ పెట్టెని దేవుడి పటాల పక్కన కొట్టించుకున్నారట.

నాకు చాలా సంతోషంగా ఉంది.

లక్ష్మి


తాడేపల్లిగూడెం,
నవంబరు 18.

వదినగారికి,

అన్నయ్యగారు చెప్పే ఉంటారు. అయినా మీరు అడిగారని రాస్తున్నాను.

వారం నుంచి ముసురు పట్టింది కదా. గురువారం పొద్దున్న ఏడింటికి సూర్యనారాయణగారు ఫోను చేశారు. మీ తమ్ముడు బండి తీశారు. నేనూ వస్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు.

చెరువు తెల్లగా ఉంది. మొదట ఏమిటో అర్థం కాలేదు. దగ్గరికి వెళితే చేపల పొట్టలు. బొచ్చెలు, శీలావతులు అని ఎవరో చెబుతున్నారు. నాకు తేడా తెలియదు, మనం ఎప్పుడూ చూసినవాళ్ళం కాదు. కొంగలు చాలా వచ్చాయి. అవి కూడా తినడం లేదు, గట్టు మీద నిలబడ్డాయి. నలుగురు మనుషులు వలతో ఒడ్డుకి లాగుతున్నారు. ఒక పక్క గొయ్యి తీసి సున్నం పోస్తున్నారు.

సూర్యనారాయణగారు మాకు కుర్చీలు వేయించారు. "కూర్చోండి బాబూ, అమ్మా నువ్వూ కూర్చో" అన్నారు. ఆయన మాత్రం నిలబడే ఉన్నారు.

"కరెంటు తెల్లవారగట్ల పోయిందండీ. కాపలా మనిషి ఊరెళ్ళాడు. పెట్టె ఉందిగదా, ఫరవాలేదు వెళ్ళిరా అని నేనే పంపించాను. లేచి చూస్తే ఎర్రబల్బు వెలుగుతోంది. మోత మాత్రం లేదు."

"బల్బు వెలిగిందా?" అని మీ తమ్ముడు అడిగారు.

"వెలిగిందండీ. మేం పక్కగదిలోనే ఉన్నాం. వినపడలేదు."

"అయితే బజరు దగ్గర అతుకు ఊడి ఉంటుంది. ఆ సోల్డరింగ్ నాదేనండీ."

"నేనేం అన్లేదు బాబూ."

సూర్యనారాయణగారు డబ్బు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. మీ తమ్ముడు ఇంట్లోకి రాలేదు. పెట్టె విప్పి చూసుకోమంటే, "వద్దండీ, చూడలేను" అన్నారు. నేను సుందరమ్మగారితో లోపలికి వెళ్ళాను. పెట్టె గోడ మీదే ఉంది. శుభ్రంగా ఉంది, రంగు ఎక్కడా పోలేదు. ఆవిడ మజ్జిగ ఇచ్చి, "తాగమ్మా, నీదేం తప్పుంది" అన్నారు. తాగాను. మజ్జిగలో ఉప్పు ఎక్కువైంది.

ఇంటికి వచ్చి ఆయన చొక్కా రెండుసార్లు ఉతికాను. తర్వాత వంట చేశాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఏమీ అనిపించడం లేదు వదినగారూ. గిన్నె చేతిలో ఉంటే ఉందని తెలుస్తోంది, అంతే.

లక్ష్మి


ఏలూరు,
నవంబరు 25.

లక్ష్మీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

ఫణికి ఫోను చేస్తే, "నేను మిషన్లు చెయ్యడానికి పనికిరానక్కా" అని పెట్టేశాడు. చిన్నప్పుడు వాడు రేడియో విప్పి బిగించలేకపోతే నాన్నగారు ఇదే మాట అన్నారు. వాడు ఇన్నాళ్ళూ దాన్ని దాచుకున్నట్టున్నాడు. నువ్వు వాడికి వేళకి అన్నం పెట్టు. నువ్వూ తిను. తిన్నానని రాయకు, నిజంగా తిను.

మీ అన్నయ్యగారు సూర్యనారాయణగారింటికి వెళ్ళి పెట్టె తీసుకొచ్చారు. ఇంకొకరి గోడ మీద అది అలా వేలాడటం ఎందుకని. పాతగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. విప్పలేదు. ఫణి అడిగితే పంపిస్తాను.

ఇక్కడ వానలు తగ్గాయి. మా ఎనిమిదో తరగతి పిల్లలు వృత్తానికీ వ్యాసానికీ తేడా చెప్పమంటే నా మొహం చూస్తున్నారు. నీకేమైనా చెప్పాలని ఉంటే రాయి. లేకపోయినా రాయి.

వదిన


తాడేపల్లిగూడెం,
డిసెంబరు 20.

వదినగారికి,

ఆలస్యమైంది. రాయడానికి ఏమీ లేక.

ఆయన జంగారెడ్డిగూడెంలో మోటార్లు చుట్టే షాపులో చేరారు. అక్కడే గది. శనివారం ఆఖరి బస్సుకి వచ్చి సోమవారం పొద్దున్నే వెళతారు. వచ్చినప్పుడు మంచం మీద పడుకుని ఫ్యాను చూస్తారు. అలారాలు చేసుకున్న బల్ల వైపు తిరగరు. నేను బల్ల మీద దుప్పటి కప్పాను.

మొన్న ఒక్క మాట అన్నారు. ఏలూరులో రేడియో సామాను షాపు భాస్కరరావుగారు వచ్చి మొత్తం తీసుకెళతారట. ఐరన్, మీటరు, బోర్డులు, తీగలు, అన్నీ. జనవరి రెండో ఆదివారం. "నువ్వు మూట కట్టి ఉంచు" అన్నారు. సరే అన్నాను.

నేను పెట్టెలు చేస్తున్నాను. ఎందుకని అడగకండి. పొద్దున్న పనయ్యాక చెయ్యి ఊరుకోదు. ప్లైవుడ్ కోసి, రుద్ది, అతికించి, రంగు వేస్తాను. తొమ్మిది అయ్యాయి. వీటిలో పెట్టడానికి ఏమీ లేదు. ఒకదాంట్లో ఆవాలు పోశాను. ఒకదాంట్లో బొత్తాలు. మిగిలినవి ఖాళీ. వీటికి బెజ్జాలు పెట్టడం లేదు. మూత వేస్తే ఏ పక్కనా సందు ఉండదు. చాలా బాగా వచ్చాయి. అన్నీ వరసగా పెట్టి చూస్తే నాకు ఏమీ అనిపించదు.

మీ దగ్గరున్న పెట్టె తెరవద్దు వదినగారూ. ఆయనకి ఇష్టం లేదు. అలాగే ఉండనివ్వండి. లేకపోతే ఏ కాలవలోనో వేసేయండి.

లక్ష్మి


ఏలూరు,
జనవరి 4.

లక్ష్మీ,

ఇది చదివేటప్పుడు కూర్చో.

నిన్న గీతాంజలి వాళ్ళ అత్తగారింట్లో నోముకి పిలిస్తే దెందులూరు వెళ్ళాను. తాంబూలం తీసుకుని లేస్తుంటే దేవుడి గూట్లో నీ పెట్టె కనబడింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, మీద చామంతిపువ్వు పెట్టారు. పువ్వు మధ్యలో నీ బెజ్జం లేదు. అక్కడ పసుపు ముద్ద ఉంది, రాయిలా గట్టిపడి. గీతాంజలి అత్తగారు జ్ఞానప్రసూనాంబగారు, "మంగళవారం శుక్రవారం నేనే పెడతానండీ, దీపం పెట్టే చోటుకి ఎంత కళ వచ్చిందో చూడండి" అన్నారు.

కరెంటు స్విచ్చి తీయించాను. ఎర్రబల్బు వెలిగింది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల దోమ తిరుగుతున్నట్టుంది. పిన్నీసు తీసి ఆ ముద్ద తవ్వాను. అప్పుడు మోగింది. పేరంటాళ్ళందరూ చెవులు మూసుకున్నారు.

ఇక నా సంగతి. పెట్టె విప్పలేదని రాశాను. అబద్ధం. మీ అన్నయ్యగారు తెచ్చిన సాయంత్రమే చూశాను. ఫణి అతుకులు ఒక్కటీ ఊడలేదు. పువ్వు బొడ్డులో ఇదే ముద్ద ఉంది. పైన పసుపు, అడుగున కుంకుమ. ఆ కుంకుమ బజారుది కాదు. మీ నాన్నగారు ఇంట్లో చేసే నల్లెరుపు కుంకుమ, నువ్వు నాకు ఏటా పొట్లం కట్టి ఇచ్చేది. ఆ రంగు నాకు తెలియకపోవడమేమిటి.

అది చూసి నలభై రోజులు ఊరుకున్నాను. నువ్వే చెబుతావని ఎదురుచూశాను అని రాయబోయి కొట్టేశాను. నిజం అది కాదు. నువ్వు చెప్పకపోతే పువ్వు ఎవరు వెయ్యమన్నారన్న మాట రాదు కదా, అందుకని ఊరుకున్నాను. కంపాసు నాది. ఎనిమిది రేకులు గీసి పంపింది నేను. బొట్టు పెట్టమని పిలిచేలాంటి పువ్వు నేనే వేయించాను. నా తమ్ముడు తను పనికిరాడనుకుని ఊరొదిలి వెళుతుంటే చూస్తూ ఊరుకున్నాను.

ఇప్పుడు ఊరుకోవడానికి లేదు. ఇంకా నాలుగిళ్ళల్లో అదే పెట్టె ఉంది. వాళ్ళూ కాపలా మనుషుల్ని ఇళ్ళకి పంపించేసి ఉంటారు. రేపో ఎల్లుండో కరెంటు పోతుంది.

నేను ఫణికి ఫోను చేసి చెప్పగలను. రెండు నిమిషాల పని. చెయ్యను. నా నోటి నుంచి వింటే వాడికి పెట్టె సంగతి తెలుస్తుంది. నీ నోటి నుంచి వింటే ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో నువ్వు కూడా ఉన్నావని తెలుస్తుంది. కానీ ఆదివారం దాటితే నేనే చేస్తాను.

ప్రసూన


తాడేపల్లిగూడెం,
ఫిబ్రవరి 2.

వదినగారికి,

మీ ఉత్తరం మంగళవారం అందింది. ఆదివారం దాకా నేను ఇల్లు తుడిచాను, బియ్యం ఏరాను, మూట కట్టాను. మీటరుకి పాత పంచె చుట్టాను. ఐరన్ కొన మసి తుడిచాను. మధ్యలో ఆ నాలుగు ఊళ్ళల్లో కరెంటు ఉందో లేదో అనుకుంటూ కూర్చునేదాన్ని. ఇక్కడ ఫ్యాను ఆగితే అక్కడా ఆగిందనిపించేది. అయినా ఫోను తీయలేదు. ఐదు రోజులు తీయలేదు. అది నా తప్పే, రాసి ఉంచుతున్నాను.

ఆదివారం ఆయన అన్నం తింటున్నారు.

"ఏవండీ."

"ఊఁ."

"సూర్యనారాయణగారి పెట్టె మోగకపోవడం మీ అతుకు వల్ల కాదండీ."

"మరి?"

"నేను బొట్టు పెట్టాను."

"దేనికి?"

"బెజ్జానికి."

కలుపుతున్న చెయ్యి ఆగింది. "ముట్టుకోవద్దన్నానుగా."

"అన్నారు. ఆయుధపూజ నాడు మీరు స్నానానికి వెళ్ళినప్పుడు పెట్టాను. కొత్త వస్తువు బొట్టు లేకుండా ఇల్లు దాటించకూడదని మా నాన్నగారి అలవాటు. పువ్వు మధ్యలో అయితే అందంగా ఉంటుందనిపించింది. కొంచెమే కదా అనుకున్నాను."

"ఎన్నింటికి?"

"ఆరింటికీ."

"నీకెప్పుడు తెలిసింది?"

"చెరువు దగ్గరికి వెళ్ళిన రోజు. గోడ మీద చూడగానే."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. విస్తట్లో అన్నం అలాగే ఉంది. అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండుననుకున్నాను. వీధి గుమ్మంలో చాలాసేపు అటు తిరిగి నిలబడ్డారు. తర్వాత లోపలికి వచ్చి, "గుండుసూది ఉందా?" అన్నారు.

బండి మీద ఇద్దరం వెళ్ళాం. పెంటపాడు రోడ్డులో రెండిళ్ళు, కైకలూరు వైపు రెండిళ్ళు. నాలుగిట్లో మూడు నోళ్ళు మూసుకుని ఉన్నాయి. నాలుగో ఇంట్లో సూతకమట, దేవుడి దగ్గరికే వెళ్ళలేదట; అక్కడ నా బొట్టు ఒక్కటే ఉంది, మోగింది. ఒకచోట పాపమ్మగారని పెద్దావిడ, ఆయన సూదితో తవ్వుతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏం పని బాబూ అది, శుక్రవారం పెట్టిన పసుపు తీస్తావా?"

"ఇది అలారమండీ, దేవుడు కాదు."

"అది నాకు తెలుసులే. ఇంత ముచ్చటగా ఉన్నదానికి బొట్టు పెట్టక ఊరుకుంటామా? ప్లాస్టిక్ డబ్బానా ఏంటి!"

ఆయన నా వైపు చూశారు. నేను నేల చూశాను.

ఇంటికి వచ్చేసరికి భాస్కరరావుగారు అరుగు మీద ఉన్నారు. మా మూట చూపించి, "ఇదేనా అండీ?" అన్నారు. ఆయన, "ఇవాళ కాదండీ" అన్నారు. భాస్కరరావుగారు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

వారం తర్వాత సూర్యనారాయణగారింటికి వెళ్ళాం. మీ తమ్ముడు, "నేను చెబుతాను, నువ్వు బండి దగ్గర ఉండు" అన్నారు. నేను ఉండలేదు. పరాయి వాళ్ళ ముందు మొదటిసారి గొంతు విప్పాను. "ఆ బెజ్జంలో కుంకుమ నేను పెట్టిందండీ. ఆయన అతుకులన్నీ బాగానే ఉన్నాయి" అన్నాను. సూర్యనారాయణగారు కండువా తీసి మళ్ళీ వేసుకున్నారు. చెరువు వైపు చూస్తూ ఉండిపోయారు.

సుందరమ్మగారు నన్ను లోపలికి తీసుకెళ్ళారు. గోడ మీద పెట్టె ఉన్న చోట నాలుగు మేకులు, రంగు వెలవని ఒక చదరం ఉన్నాయి.

"నువ్వు పెట్టింది ఒక్కసారి కదమ్మా" అన్నారు. "నేను ఐదు శుక్రవారాలు పెట్టాను. వేలితో నొక్కి మరీ పెట్టాను, రాలిపోకుండా. ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు."

"మీకు తెలుసా?"

"ఆ పొద్దున్నే తెలిసింది. బల్బు వెలుగుతూ ఉంటే దగ్గరికెళ్ళి చెవి పెట్టాను."

మేం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆవిడ మజ్జిగ ఇచ్చారు. ఈసారి ఉప్పు వెయ్యలేదు. కాసేపయ్యాక ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి, "ఏవండీ, ఒకసారి లోపలికి రండి" అని పిలిచారు. నేను బండి దగ్గరికి వచ్చేశాను. వాళ్ళేం మాట్లాడుకున్నారో తెలియదు.

ఆయన ఇంకా జంగారెడ్డిగూడెం వెళుతున్నారు. వచ్చినప్పుడు ఫ్యాను చూడటం పూర్తిగా పోలేదు. నాతో మాటలు ఇదివరకటి కంటే తక్కువే. నాకూ లోపల ఇంకా మొద్దుగానే ఉంది. కానీ పోయిన ఆదివారం బల్ల మీది దుప్పటి తీసి, మూట విప్పి, నేను చేసిన ఖాళీ పెట్టెల్లో ఒకటి ముందు పెట్టుకున్నారు. ఆవాలు పోసిన పెట్టె. ఆవాలు గిన్నెలోకి వంపి నాకు ఇచ్చారు. పెట్టె బోర్లించి, అడుగున బజరుకి బెజ్జం కోశారు. కింద నాలుగు కాళ్ళు అతికించమన్నారు, మోత బయటికి రావడానికి.

తర్వాత పెట్టె నిలబెట్టి, నున్నటి మూత మధ్యలో పెన్సిలుతో రూపాయంత గుండ్రం గీశారు. కంపాసు లేకుండా, చేత్తోనే. వంకరగా వచ్చింది.

"ఇక్కడ కొంచెం గుంట చెయ్యి" అన్నారు. "వద్దంటే మానరు కదా. వాళ్ళు పెట్టుకోవడానికి ఒక చోటుండాలి."

గుంట చేశాను. చుట్టూ పువ్వు వెయ్యలేదు. ఆయన బోర్డు బిగించారు, ఈ పార్సిల్లో ఉన్నది ఆ పెట్టే. సూర్యనారాయణగారికి ఇవ్వాలి, వాళ్ళు చెరువులో మళ్ళీ చేపపిల్ల వేశారట. ముందు మీరు చూడాలని పంపుతున్నాను. నేను బొట్టు పెట్టలేదు. మీరు పెట్టి, ఒకసారి మోగించి చూసి, అప్పుడు పంపించండి.

మీ లక్ష్మి